పోగు తెగినా, పోగు బిగిసినా

సారపాక నుంచి మణుగూరు వెళ్లే దారిలో గోదావరి ఒడ్డున అశ్వాపురం వస్తుంది. 1991 చివర్లో పని మొదలుపెట్టిన భారజల కర్మాగారం అక్కడే ఉంది. అది అణుశక్తి విభాగానిది. ఆ విభాగం పేరు వినగానే ఎవరికైనా ముందు రేడియేషనే గుర్తొస్తుంది. గోదావరికి ఇరుపక్కలా అడవి, అడవి అంచున పత్తి, మిర్చి చేలు, నడుమ ఇలాంటి పెద్ద కర్మాగారం. రేడియేషన్ మన క్రోమోజోములను ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే సరైన చోటు లేదనిపిస్తుంది. అయితే భారజలానికి రేడియోధార్మికత లేదు.

మామూలు నీటిలో ఉన్న ప్రతి 6,400 హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ఒకటి డ్యూటీరియం. హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటే, డ్యూటీరియంలో దానికి తోడుగా ఒక న్యూట్రాన్ ఉంటుంది. అందుకే దాని బరువు రెట్టింపు. అది స్థిరమైన పరమాణువు, దేన్నీ వెదజల్లదు. మన ఒంట్లోనూ పుట్టినప్పటి నుంచి డ్యూటీరియం ఉంటూనే ఉంది. అశ్వాపురంలో జరిగేదల్లా గోదావరి నీటిలో పలుచగా ఉన్న ఆ డ్యూటీరియాన్ని పోగుచేయడమే. ఎత్తైన గోపురాల్లో నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునూ ఎదురెదురుగా పంపుతారు. వేడి గోపురంలో డ్యూటీరియం నీటిని వదిలి వాయువులో చేరుతుంది. చల్లని గోపురంలో వాయువును వదిలి మళ్లీ నీటిలో చేరుతుంది. ఈ మార్పిడిని పదేపదే జరిపితే నీరు బరువెక్కుతుంది. ఇక్కడ నిజంగా ప్రాణం తీయగలిగింది ఆ వాయువు. కుళ్లిన కోడిగుడ్ల వాసన వేసే ఈ విషవాయువు ఎక్కువ మోతాదులో ముక్కుకు తగిలితే వాసన పసిగట్టే శక్తి కూడా పోతుంది. కాబట్టి కర్మాగారంలో జాగ్రత్తలన్నీ ముఖ్యంగా దాని చుట్టూనే తిరుగుతాయి. భారజలాన్ని రియాక్టరులో వాడాక అందులో ట్రిటియం పుడుతుంది, దానికి రేడియోధార్మికత ఉంది. అది రియాక్టరు దగ్గరి సంగతి, అశ్వాపురానిది కాదు.

అయినా ఈ అధ్యాయాన్ని అశ్వాపురంతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. రేడియేషన్ లేకుండానే భారజలం కణవిభజనను ఆపగలదు. ఒక గ్లాసెడు తాగితే ఏమీ కాదు. కానీ ప్రయోగశాలలో ఎలుకలకు మంచినీళ్లకు బదులు అదే పట్టిస్తూ పోతే, ఒంట్లోని నీటిలో నాలుగో వంతు భారజలం అయ్యేసరికి వాటికి సంతానశక్తి పోతుంది. సగానికి చేరేలోపే చచ్చిపోతాయి. ముందుగా దెబ్బతినేవి పేగుల లోపలి పొర, ఎముక మజ్జ. అంటే నిత్యం విభజన చెందుతూ ఉండే కణాలున్న చోట్లు. ఎక్కువ మోతాదు రేడియేషన్ సోకినవారిలో కనబడే లక్షణాలూ దాదాపు ఇవే. కారణాలు వేరైనా ఫలితం ఒకేలా ఎందుకుందో అర్థం కావాలంటే కణం రెండుగా చీలే ఆ గంట సేపు లోపల ఏం జరుగుతుందో చూడాలి.

మనిషి కణంలో 46 క్రోమోజోములు. కణం విడిపోయే ముందు వాటిలోని డీఎన్‌ఏ మొత్తం నకలు తయారవుతుంది. అప్పుడు ప్రతి క్రోమోజోము జంట కట్టలుగా, నడుమ సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని కనిపిస్తుంది. ఆ ఒక్కో కట్ట పేరు క్రోమాటిడ్. తర్వాత కణం రెండు కొసల నుంచీ సన్నని పోగులు పుట్టుకొస్తాయి. వీటిని కండె పోగులంటారు. ట్యూబ్యులిన్ అనే ప్రోటీను అణువులు ఒకదానికొకటి అమరి ఈ పోగులవుతాయి, విడిపోతే పోగు కరిగిపోతుంది. పోగు పెరగడం, తరగడం నిమిషాల్లో, కొన్నిసార్లు సెకన్లలో జరిగిపోతూ ఉంటుంది. అలా పెరుగుతూ తరుగుతూ వెతికి, ఒక కొస పోగు ఒక క్రోమాటిడ్‌ని, ఎదుటి కొస పోగు రెండోదాన్ని సెంట్రోమియర్ దగ్గర పట్టుకుంటాయి. 46 జంటల్లో ఒక్కటి సరిగ్గా పట్టుబడకపోయినా కణం ఆగి వేచి చూస్తుంది. అన్నీ సరిపోయాకే జంటలు విడిపోతాయి, పోగులు కుంచించుకుంటూ వాటిని చెరో కొసకూ లాగుతాయి. మజ్జలో సెకనుకు ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలు తయారవుతాయంటే, ఈ లాగుడు మన ఒంట్లో ఎన్నిసార్లు తప్పు లేకుండా జరగాలో ఊహించుకోవచ్చు. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆ ఆగి చూడటం. మెదడు లేని కణం లెక్క సరిపోయేదాకా అడుగు వేయదు.

భారజలం ఈ పోగులను బిగించేస్తుంది. డ్యూటీరియం ఏర్పరిచే బంధాలు మామూలు హైడ్రోజన్ బంధాల కంటే కాస్త గట్టివి. ఆ నీటిలో ట్యూబ్యులిన్ పోగు కట్టిందంటే తొందరగా విడిపోదు. తరగాల్సిన పోగు తరగదు, విభజన నిలిచిపోతుంది. 1960లో పాల్ గ్రాస్, విలియం స్పిండెల్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు సముద్రపు అర్చిన్ గుడ్లను భారజలంలో ఉంచి విభజన ఎక్కడికక్కడ స్తంభించడం చూశారు. తిరిగి మామూలు నీటిలోకి మారిస్తే గుడ్లు మళ్లీ కదిలాయి.

దీనికి సరిగ్గా ఎదురు పని చేసేది అశ్వాపురం చుట్టుపక్కల అడవిలోనే ఉంది. తొలకరి పడ్డాక పొదల మీదికి ఎగబాకి, ఆకు కొసను నులితీగగా చేసుకుని పట్టుకుని, ఎరుపూ పసుపూ కలిసిన రేకులతో పూసే అగ్నిశిఖ. కొందరు దాన్ని అడవి నాభి అంటారు. దుంపా, గింజలూ విషం. ఆ విషం కోల్చిసిన్. అది విడివిడిగా ఉన్న ట్యూబ్యులిన్‌కి అంటుకుని పోగు కట్టనివ్వదు. క్రోమోజోములు జంటలు కట్టి సిద్ధంగా ఉంటాయి, పట్టుకుని లాగే పోగులే ఉండవు. పొరపాటున దుంప తిన్నవారికి మొదట వాంతులు, విరేచనాలు. కొద్ది రోజులకు రక్తకణాలు పడిపోతాయి. బతికి బయటపడితే రెండు వారాలకు జుట్టు రాలుతుంది. పేగు, మజ్జ, వెంట్రుక కుదురు: మళ్లీ అవే వేగంగా విభజన చెందే చోట్లు. ఈ దుంపను ఇంటి మందుగా వాడమని ఎవరు చెప్పినా వినకూడదు. మందుకూ మరణానికీ మధ్య మోతాదు తేడా చాలా కొద్ది.

విచిత్రం ఏమిటంటే మనిషికి క్రోమోజోములు ఎన్నో సరిగ్గా తెలిసింది ఈ విషం వల్లనే. 1920ల నుంచి 48 అని లెక్క. ఒకదానిమీద ఒకటి పడి ఉండే ఆ కట్టలను సరిగ్గా లెక్కపెట్టడం ఎవరి వల్లా కాలేదు. 1955 చివర్లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ కణాలను కోల్చిసిన్‌తో విభజన నడుమ ఆపి, పలుచని ఉప్పునీటితో ఉబ్బించి, గాజుపలక మీద పరిచారు. కట్టలన్నీ విడివిడిగా కనిపించాయి. 46. మరుసటి ఏడు ప్రచురించారు. అంతకుముందే 1937లో ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ మొక్కల మీద కోల్చిసిన్ వేసి, క్రోమోజోములు రెట్టింపై కూడా విడిపోని కణాలతో కొత్త మొక్కలు పుట్టించవచ్చని చూపాడు. గింజల్లేని పుచ్చకాయకు దారి వేసింది ఆ పనే.

మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అగ్నిశిఖ మార్గంలోనే పోగును కట్టనివ్వవు. యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ పోగును బిగించేస్తుంది. ఖమ్మంలోనో హైదరాబాదులోనో కేన్సరు వార్డులో ఎక్కించే సెలైను సీసాల్లో ఈ రెండు రకాల మందులూ ఉంటాయి. కేన్సరు కణం ఆగకుండా విభజన చెందుతుంది కాబట్టి పోగు చెడితే దానికే ఎక్కువ నష్టం. దానితోపాటు రోగి జుట్టూ రాలుతుంది, మజ్జా తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పింది క్రోమోజోమును పట్టి లాగే సాధనం గురించి. రెండో దారి క్రోమోజోమునే విరగ్గొట్టడం. రేడియేషన్‌ది ఆ దారి.

1927లో హెర్మన్ ముల్లర్ టెక్సాస్‌లో పండ్ల ఈగల మీద ఎక్స్ కిరణాలు పంపి, వాటి సంతానంలో ఉత్పరివర్తనాలు ఎన్నో రెట్లు పెరగడం చూపించాడు. మరుసటి ఏడే లూయిస్ స్టాడ్లర్ బార్లీలో అదే చూశాడు. కిరణం నేరుగా డీఎన్‌ఏ దారాన్ని తాకి తెంపడం కొంతే జరుగుతుంది. ఎక్స్ కిరణాల, గామా కిరణాల విషయంలో నష్టంలో పెద్ద భాగం నీటి ద్వారా వస్తుంది. కణంలో ఎక్కువగా ఉండేది నీరే. కిరణం దాన్ని విడగొడితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే తునక పుడుతుంది. సెకనులో వంద కోట్లవ వంతు బతుకుతుంది. ఆ కాస్త వ్యవధిలో పక్కనున్న దేనితోనైనా చర్య జరుపుతుంది. పక్కనున్నది డీఎన్‌ఏ అయితే దారం తెగుతుంది.

ఒక గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) మేర గామా కిరణాలు సోకిన ఒక్కో కణంలో సుమారు వెయ్యి చోట్ల డీఎన్‌ఏ రెండు దారాల్లో ఒకటి తెగుతుంది. ముప్పై నలభై చోట్ల రెండూ తెగుతాయి. వెయ్యి అంటే పెద్ద సంఖ్యగా తోస్తుంది గానీ ఒంటి దారం తెగడం కణానికి కొత్త కాదు. ఏ కిరణమూ సోకకపోయినా, ఊపిరి పీల్చి తిండి అరిగించుకోవడం వల్లనే ఒక్కో కణంలోని డీఎన్‌ఏకి రోజుకు వేల గాయాలు అవుతూనే ఉంటాయి. రెండో దారాన్ని చూసి కణం వాటిని సరిచేసుకుంటుంది. కష్టమల్లా రెండు దారాలూ ఒకేచోట తెగినప్పుడు. చూసి రాసుకోవడానికి మూలం పక్కన ఉండదు. అప్పుడు కణం ఏ రెండు కొసలు దగ్గరగా ఉంటే వాటిని అతికేస్తుంది. తరచు సరైన కొసలే అతుకుతాయి. ఒకేసారి చాలా తెగితే వేరే క్రోమోజోము కొస దీనికి అతుక్కుంటుంది.

అలా అతికినప్పుడు పుట్టే రకాల్లో ఒకటి రెండు సెంట్రోమియర్లు ఉన్న క్రోమోజోము. దాన్ని డైసెంట్రిక్ అంటారు. కణం చీలే వేళకు ఒక సెంట్రోమియరును ఈ కొస పోగు, రెండోదాన్ని ఆ కొస పోగు పట్టాయనుకోండి, ఒకే కాడికి కట్టిన రెండెడ్లు ఎదురెదురు దిక్కులకు లాగినట్టే. క్రోమోజోము నడుమ వంతెనలా సాగి, ఎక్కడో తెగుతుంది. తెగిన కొసలు మళ్లీ అతుక్కుంటాయి, తర్వాతి విభజనలో మళ్లీ వంతెన. 1930ల చివర్లో బార్బరా మెక్‌క్లింటాక్ మొక్కజొన్నలో ఈ తెగి, అతికి, వంతెన కట్టే చక్రాన్ని గుర్తించింది. ఒక్కసారి తగిలిన దెబ్బ తరాల తరబడి కణాల్లో ఎలా కొనసాగుతుందో అప్పుడు తెలిసింది. ఇక సెంట్రోమియర్ లేని ముక్కను పట్టుకునే పోగే ఉండదు. అది వెనకబడిపోయి, కణం చీలాక పెద్ద కేంద్రకం పక్కన చిన్న చుక్కగా మిగిలిపోతుంది. ఆ సూక్ష్మకేంద్రకం గురించి మళ్లీ చెప్పుకోవాలి, ఈ అధ్యాయంలో అదే చివరిదాకా వస్తుంది.

డైసెంట్రిక్‌లు మామూలుగా చాలా అరుదు, వెయ్యి రక్తకణాలు వెతికితే ఒకటి. ఒక గ్రే సోకితే వంద కణాల్లోనే ఏడెనిమిది కనబడతాయి. అందుకే ఎవరికి ఎంత మోతాదు తగిలిందో చెప్పే కొలబద్ద అయింది. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 ఉన్న యంత్రాన్ని విడగొట్టినప్పుడు ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. వారి ఒంటి మీద ఏ కొలత పరికరమూ లేదు. రక్తంలోని క్రోమోజోములు లెక్కించే మోతాదు అంచనా కట్టారు.

ఇది చదివి ఎవరూ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకోవడానికి వెనకాడకూడదు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే, మట్టి నుంచీ ఆకాశం నుంచీ ఎలాగూ సోకే సహజ రేడియేషన్ కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో ఎంత ఉంటుందో అంత. సీటీ స్కాన్‌ది అంతకంటే చాలా ఎక్కువ, కొన్నేళ్ల సహజ మోతాదుకు సమానం. కాబట్టి డాక్టరు అవసరమన్నప్పుడే చేయించుకోవాలి. క్షయ సోకిందేమో తేల్చుకోవాల్సిన మనిషి ఎక్స్‌రేకి భయపడి ఇంట్లో కూర్చుంటే పోయేది క్రోమోజోము కాదు, ప్రాణం. కేరళలోని కరునాగపల్లి తీరంలో మోనజైట్ ఇసుక వల్ల సహజ రేడియేషన్ మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ పుట్టిన పసికందుల బొడ్డుతాడు రక్తాన్ని ఏళ్ల తరబడి పరీక్షించారు. పెద్దవారిలో కేన్సర్లు లెక్కించి 2009లో ఫలితాలు ప్రకటించారు. కేన్సరు పెరిగిన దాఖలా లేదు, పసికందుల క్రోమోజోముల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మెల్లగా, కొద్దికొద్దిగా పడే దెబ్బకు కణం మరమ్మతు అందుకోగలుగుతుంది. ఒక్కసారిగా పడే దెబ్బకే అందుకోలేకపోతుంది.

రేడియేషన్‌ను కోరి వాడిన చరిత్ర కూడా తెలంగాణకు ఉంది. 1960లలో రాజేంద్రనగర్ పరిశోధకులు హెచ్‌సీ-6 అనే ఆముదపు రకం గింజలకు ఉష్ణ న్యూట్రాన్లు సోకించి, వచ్చిన మొక్కల్లోంచి అరుణ అనే రకాన్ని ఎంచారు. తొమ్మిది నెలల పంట నాలుగైదు నెలలకే చేతికొచ్చింది. దెబ్బతిన్న వేల గింజల్లో మేలుకు దారితీసిన మార్పు ఒకటో రెండో. మొక్కల విషయంలో మిగిలినవాటిని పారేయవచ్చు.

ఇప్పుడు రసాయనాల సంగతి. నా దృష్టిలో ఈ అడవి అంచున బతికేవారికి అసలు అవసరమైన భాగం ఇది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎడిన్‌బరోలో షార్లట్ అవర్‌బాక్, జె.ఎం. రాబ్సన్ మస్టర్డ్ వాయువును ఈగల మీద పరీక్షించారు. ఆ వాయువు చేసే పుండ్లు ఎక్స్ కిరణాల పుండ్లలా మానకుండా వేధించడం చూసి, రెండూ జన్యువుల మీదే పనిచేస్తాయేమోనన్న అనుమానం పుట్టింది. అవర్‌బాక్ చేతులు కాలాయి. ఫలితం మాత్రం స్పష్టం: రసాయనం కూడా ఎక్స్ కిరణాలంత బలంగా ఉత్పరివర్తనాలు తెస్తుంది. యుద్ధ రహస్యం కావడంతో 1946 దాకా బయటికి చెప్పలేదు. ఆమె గమనించిన ఒక తేడా మాత్రం ఈనాటికీ విలువైనది. కిరణం దెబ్బ అప్పటికప్పుడు పడుతుంది. రసాయనం దెబ్బ తరచు ఆలస్యంగా బయటపడుతుంది.

కారణం ఇది. మస్టర్డ్ వాయువు, దాని జాతి రసాయనాలు డీఎన్‌ఏ అక్షరాలకు అదనపు ముక్కలు తగిలిస్తాయి, కొన్నిసార్లు రెండు దారాలనూ కలిపి కట్టేస్తాయి. దారం వెంటనే తెగదు. కణం నకలు తీసుకోవడానికి పూనుకున్నప్పుడు, నకలు తీసే యంత్రాంగం ఆ ముడి దగ్గరికొచ్చి ఇరుక్కుంటుంది. తెగేది అప్పుడు. అందుకే రక్తకణాలు విభజనకు ముందే రేడియేషన్‌కు గురైతే నకలు తీశాక జంటలోని రెండు క్రోమాటిడ్‌లూ ఒకేచోట తెగి కనబడతాయి. రసాయనాలు తగిలితే ఎక్కువగా రెండిట్లో ఒకటే తెగి కనబడుతుంది. అలవాటైన కన్ను సూక్ష్మదర్శినిలో ఆ తేడా చూసి దెబ్బ ఏ వైపు నుంచి వచ్చిందో ఊహించగలదు.

దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం దాకా గోదావరి ఒండ్రు నేలల్లో మిర్చి. ఇటు ఖమ్మం వైపు నల్లరేగళ్లలో పత్తి. రెండూ పురుగుకు లొంగే పంటలు. తామరపురుగు, తెల్లదోమ, కాయతొలిచే పురుగు ఒకటి పోతే ఒకటి. మందు కొట్టేవాడి వీపుకు పంపు, ముఖానికి తువ్వాలు, కాళ్లకు చాలాసార్లు ఏమీ ఉండదు. గాలి ఎదురైతే తుంపర అతని మీదే పడుతుంది. ఒంట్లోకి వెళ్లే దారి ఎక్కువగా చర్మం. సీసాలోని చిక్కటి మందును నీళ్లలో కలిపేటప్పుడు చేతికి అంటేది తుంపర కంటే ఎన్నో రెట్లు ఘాటు. కాయ కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే ఆదివాసీ కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లు, మందు పడిన చెట్లనే చేతులతో తడుముతూ నెలల తరబడి పనిచేస్తారు. పంపు వాళ్ల వీపున లేకపోయినా మందు వాళ్ల వేళ్లకు అంటుతుంది.

ఇలాంటివారి రక్తంలో క్రోమోజోములను తెలుగు నేల మీద మొదట వెతికినవారిలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన బేగంపేట జన్యుశాస్త్ర సంస్థ పరిశోధకులు ముఖ్యులు. 1980ల రెండో సగంలో పి.పి. రెడ్డి, డి.ఎస్. రూప, ఓ.ఎస్. రెడ్డి, వారి సహచరులు ద్రాక్షతోటల్లో, కూరగాయల మడుల్లో, పత్తిచేలల్లో మందు కొట్టేవారి రక్తం తీసి పరీక్షించారు. మందు తాకనివారితో పోలిస్తే వీరిలో తెగిన క్రోమోజోములు ఎక్కువ. క్రోమాటిడ్‌ల మధ్య ముక్కలు అటూ ఇటూ మారడం ఎక్కువ. పైగా పెంపకంలో పెట్టిన కణాలు విభజన చెందే వేగమే తగ్గింది. 1991లో ప్రచురించిన మరో పరిశోధనలో పత్తిచేలల్లో మందు కొట్టేవారి కుటుంబాల్లో గర్భస్రావాలు, మృతశిశు జననాలు ఎక్కువని తేల్చారు. మందు తాకింది భర్తకు, నష్టం కడుపులోని బిడ్డకు. ఈ ఫలితాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. పల్లెల్లో మందు అమ్మే దుకాణాల దాకా మాత్రం రాలేదు. అది నన్ను బాధపెడుతుంది.

ఆ పరీక్ష జరిగే తీరు చెప్పాలి, ఎందుకంటే ఈ అధ్యాయంలోని చాలా పాత్రలు అందులో కలుస్తాయి. రక్తంలోని లింఫోసైట్లు మామూలుగా విభజన చెందవు. వాటిని మేల్కొలపడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ఫైటోహీమగ్లుటినిన్ అనే ప్రోటీను కలుపుతారు. దానికి ఆ శక్తి ఉందని 1960లో పీటర్ నోవెల్ గుర్తించాడు. రెండు మూడు రోజులు ఒంటి వేడిలో ఉంచాక కోల్చిసిన్‌తో విభజనను ఆపుతారు. అడవిలో పూసే అగ్నిశిఖ విషమే ఇక్కడ పనిముట్టు. కణాన్ని ఉబ్బించి, గాజుపలక మీద జారవిడిచి, రంగు వేసి, ఒక్కో కణంలో 46 కట్టలనూ కంటితో చూస్తూ వందల కణాలు లెక్కపెడతారు. ఓపికకు పరీక్ష అంటే ఇదే.

ఆనాటి పరిశోధకులు మందు కొట్టేవారిలో చాలామంది పొగ తాగేవారేనని గమనించి, ఆ సంగతిని విడిగా పరిశీలించారు. అది అవసరం. క్రోమోజోములను తెంపడానికి పొగాకు ఒక్కటే చాలు. ఎండిన పొగాకులో నైట్రోసమైన్లు ఉంటాయి. అవి ఒంట్లోకి వెళ్లాక కాలేయం వాటిని మార్చే క్రమంలో డీఎన్‌ఏకి అతుక్కునే రూపం ధరిస్తాయి. పైగా పొగాకు ఆకు మీద పోలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం చేరుతుంది. 1964 నుంచీ ఇది తెలిసిన సంగతే. అంటే ఒకే పొగలో రసాయనమూ ఉంది, కిరణమూ ఉంది. భద్రాచలం అడవుల్లో ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. యాభై ఆకుల కట్టలు కట్టి కల్లాల్లో ఆరబోస్తారు. ఆ ఆకు కోసినందువల్ల ఏ క్రోమోజోమూ తెగదు. పొగాకు చుట్టి బీడీ చేసేచోట నష్టం మొదలవుతుంది. 1990లలో ముంబయి కేన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రజనీ భిసే బృందం, బీడీ పొగాకును దంచి జల్లెడ పట్టే పనివారి రక్తంలో తెగిన క్రోమోజోములు ఎక్కువని చూపింది. వాళ్లు కాల్చనక్కర్లేదు, పొగాకు దుమ్మే చాలు. అశ్వాపురం గోపురాలను చూసి భయపడే మనిషి నోట్లో బీడీ ఉంటే, అతని క్రోమోజోములకు దెబ్బ ఎటునుంచి వస్తుందో నాకు సందేహం లేదు.

తిండి గురించీ ఒక మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం తయారీకి నాయకత్వం వహించాడు. తర్వాత అదే ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులు ఆయన బృందం తయారుచేస్తే, 1947-48లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిని రక్తకేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి మొదటిసారి వ్యాధిని తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. ఫోలిక్ ఆమ్లం లేకపోతే డీఎన్‌ఏలో థైమిన్ అక్షరం తయారవదు. దాని చోట యురాసిల్ వచ్చి కూర్చుంటుంది. దాన్ని కోసి తీసేయబోయి కణం తన దారాన్ని తానే తెంపుకుంటుంది. 1997లో బ్రూస్ ఏమ్స్ బృందం మనుషుల్లో ఇది చూపించింది. అంటే పోషకాహారం లేని ఒంట్లో ఏ కిరణమూ, ఏ మందూ సోకకుండానే క్రోమోజోములు విరుగుతాయి. ఆశా కార్యకర్త గర్భిణికి ఇచ్చే ఐరన్, ఫోలిక్ ఆసిడ్ మాత్రను రక్తం పట్టే మాత్ర అంటారు. అది క్రోమోజోములను కాపాడే మాత్ర కూడా.

ఏజెన్సీలో ఇంకో మందు పేరు వినిపిస్తుంది, హైడ్రాక్సీయూరియా. కోయ కుటుంబాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉంది. అది క్రోమోజోము విరగడం వల్ల వచ్చేది కాదు. తరతరాలుగా వస్తున్న ఒకే ఒక్క అక్షరం మార్పు, హిమోగ్లోబిన్ జన్యువులో ఏ ఉండాల్సిన చోట టీ. హైడ్రాక్సీయూరియా డీఎన్‌ఏ ముడిసరుకు తయారీని అడ్డుకుని కణం నకలు తీసుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ ఒత్తిడిలో మజ్జ పసితనపు హిమోగ్లోబిన్‌ని మళ్లీ తయారు చేయడం మొదలుపెడుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. కణవిభజనను తాకే మందు కాబట్టే రక్తపరీక్షలు చేయిస్తూ వాడతారు, బిడ్డ కావాలనుకునేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. భయంతో మానేస్తే నొప్పులు తిరగబెడతాయి.

దెబ్బతిన్న కణాలన్నీ ఏమవుతాయి? డైసెంట్రిక్ ఉన్న కణం విభజన దాటలేక చస్తుంది. అందుకే కొన్నేళ్లకు అవి రక్తంలో తగ్గిపోతాయి. రెండు క్రోమోజోముల ముక్కలు పరస్పరం మారి, రెండిటికీ ఒక్కో సెంట్రోమియరే మిగిలితే మాత్రం పోగులకు ఏ ఇబ్బందీ ఉండదు. కణం చక్కగా విడిపోతూ ఉంటుంది. హిరోషిమాలో బతికి బయటపడినవారి రక్తంలో అలాంటి మార్పిళ్లు దశాబ్దాల తర్వాత కూడా కనిపించాయి. రాజ్మా ప్రోటీను శక్తిని గుర్తించిన పీటర్ నోవెల్ అదే 1960లో డేవిడ్ హంగర్‌ఫోర్డ్‌తో కలిసి ఒక రకం రక్తకేన్సరులో పొట్టిగా మారిన క్రోమోజోమును చూశాడు. అది 9, 22 క్రోమోజోముల మధ్య ముక్కలు మారడం వల్ల పుట్టిందని 1973లో జానెట్ రౌలీ చెప్పింది. చంపే దెబ్బ కంటే విభజనకు అడ్డం రాని దెబ్బే ప్రమాదకరం కావడం ఇందుకే.

చర్ల, వెంకటాపురం మిర్చి కూలీల్లో ఇలాంటి లెక్క తీయాలని నా కోరిక. ఇందుకు రక్తం కూడా అక్కర్లేదు. ఇందాక చెప్పిన సూక్ష్మకేంద్రకాలు చెంప లోపలి పొర కణాల్లోనూ కనబడతాయి. పుల్లతో పొరను మెల్లగా గీకి, గాజుపలక మీద రాసి, రంగు వేసి, మామూలు సూక్ష్మదర్శినితో వెయ్యి కణాల్లో ఎన్నింటికి పెద్ద కేంద్రకం పక్కన చిన్న చుక్క ఉందో లెక్కించాలి. పని మొదలుకాక ముందు ఒకసారి, మందు పడిన చేలో పనిచేశాక ఒకసారి. బీడీ తాగేవారినీ తాగనివారినీ వేరుగా రాసుకోవాలి, తిండి గురించీ అడగాలి. చెంప పొరలో అడుగున పుట్టిన కణం పైకి రావడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, ఆ తర్వాత అది రాలిపోతుంది. అందుకని రెండో నమూనాను మందు కొట్టిన వారం దాటాక, మూడు వారాల లోపు, కూలీలు సొంత ఊళ్లకు వెళ్లిపోక ముందే తీసుకోవాలి.